రాజ్యములను హెచ్చించునది ఏది?

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 8:11–18, 1 రాజులు 21, ఆమోసు 9:7



మన పల్లె సంఘములలో ఒక మాట చాలకాలముగా తిరుగుచున్నది. అమెరికా వారు బైబిలును నమ్మిరి గనుక దేవుడు వారిని లోకమంతటిమీద హెచ్చించెను అని. కూటములలో ప్రసంగీకులు చెప్పుదురు. పెండ్లి పందిటిలో విస్తరి ముందు కూర్చున్న పెద్దలును చెప్పుదురు. ఈ మాట ఎక్కడనుండి వచ్చెనో ఊహించుట కష్టము కాదు. మన తాతలకు అక్షరములు నేర్పిన బడి, మన అవ్వలు పురుడు పోసికొనిన ఆసుపత్రి, మన గుడికి పెంకులు కప్పించిన సొమ్ము, వీటిలో చాలమట్టుకు ఆ దేశపు విశ్వాసుల చేతులగుండ వచ్చినవే. 1840లో నెల్లూరున బాప్తిస్టు మిషను నెలకొల్పిన శామ్యూల్ డే దొరగారు, 1842లో గుంటూరు చేరిన లూథరను మిషనెరీ హేయరు అయ్యగారు, 1883లో వచ్చి స్త్రీలకును బిడ్డలకును వైద్యము చేసిన డాక్టరు అన్నా కూగ్లరమ్మగారు, అందరును ఆ దేశమునుండి వచ్చినవారే. కృతజ్ఞత కలిగియుండుట మంచిది. అయితే కృతజ్ఞతతో పలికిన ప్రతి మాటయు సత్యమగునని చెప్పలేము.

దీనిని ఎందుకు తరచి చూడవలెనో చెప్పెదను. ఈ మాటకు రెండవ ముఖము గలదు. వారి కలిమి వారి భక్తికి దేవుడిచ్చిన కూలియైన యెడల, మన లేమి దేనికి కూలి? మూడు తరములనుండి ఆదివారము తప్పక గుడికి వచ్చుచు, కౌలు చేనుమీద చేసిన అప్పు తీరక, కొడుకును పట్టణమునకు కూలికి పంపిన విధవరాలికి మనమేమి చెప్పుదుము? నీ విశ్వాసము చాలలేదమ్మా అని చెప్పుదుమా? అంతేకాదు. ఇతరులు మనలను చూచి "మీది అమెరికా మతము" అన్నప్పుడు మనకు కోపము వచ్చును. కాని ఆ నిందకు సగము బలము మన నోటినుండియే పోవుచున్నది.

చరిత్రను కొంచెము తిరగవేసినను ఈ మాట నిలువదు. అర్మేనియా రాజ్యము 4వ శతాబ్దపు ఆరంభములోనే క్రీస్తును అంగీకరించెను. ఐతియోపియా రాజైన ఎజానా అదే శతాబ్దములో విశ్వాసియాయెను. అప్పటికి ఇంగ్లాండు అను పేరే పుట్టలేదు. అయితే అర్మేనియనులు ఎన్నడును లోకమును ఏలలేదు. 1915లో లక్షలకొలదిగా చంపబడిరి. ఐతియోపియా పేరు చెప్పగానే మనకు తోచునది 1984 నాటి కరవు. ఇక మరియొక వైపు చూడుడి. దేవుడే లేడని బడిపిల్లలకు నేర్పిన సోవియట్ యూనియన్ నలువది సంవత్సరములకు పైగా అమెరికాకు ఎదురు నిలిచెను. 1957లో మొదటి కృత్రిమ ఉపగ్రహమును, 1961లో మొదటి మనుష్యుని ఆకాశమునకు పంపినది ఆ దేశమే. బలమే దేవుని మెప్పుకు ముద్రయైతే, ఆ ముద్ర వారికెవరు వేసిరి? నేడు చైనా హెచ్చుచున్నది. దానికేమి చెప్పుదుము?

అగ్రరాజ్యము అను అర్థమిచ్చు ఆంగ్ల పదమును 1944లో ఫాక్సు అను పండితుడు తన గ్రంథమునకు పేరుగా పెట్టినప్పుడు మూడు రాజ్యములను లెక్కించెను: అమెరికా, బ్రిటను, సోవియట్ యూనియన్. కొద్ది సంవత్సరములలోనే బ్రిటను మన దేశమును విడిచి వెళ్లెను. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ విడిపోయెను. దానియేలు రెండవ అధ్యాయములోని ప్రతిమ పాదములకు రాయి తగిలిన కథ మనకు క్రొత్త కాదు గనుక దీనిని పెంచను.

అమెరికా ఎట్లు లేచెనో చూతము. మొట్టమొదట భూమి. 1776లో స్వాతంత్ర్యము ప్రకటించుకొనునాటికి ఆ దేశము సముద్రపు ఒడ్డున 13 రాష్ట్రములు మాత్రమే. 1803లో ఫ్రాన్సు నేలుచున్న నెపోలియనుకు కోటిన్నర డాలర్లు చెల్లించి, మిసిసిపీ నదికి పడమటనున్న 8 లక్షల చదరపు మైళ్లకు పైబడిన నేలను కొనిరి. దేశము ఒక్క సంతకముతో రెట్టింపయ్యెను. 1848లో మెక్సికోతో యుద్ధముచేసి పడమటి సముద్రమువరకు పోయిరి. లోతైన నల్లరేగడి, పడవలు నడువదగిన నదులు, బొగ్గు, ఇనుము, నూనె, రెండు ప్రక్కల రెండు మహాసముద్రములు. ఇట్టి చోటు భూగోళముమీద చాల అరుదు. ఇది మనుష్యుడు సంపాదించినది కాదు. ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయములో మోషే ఇశ్రాయేలీయులను హెచ్చరించినది ఇట్టి స్థితిని గురించియే. కడుపు నిండిన తరువాత, ఇది నా చేతి బలము అని హృదయములో అనుకొనవద్దనెను.

అయితే ఆ భూమి ఖాళీగా నుండెనా? ఇక్కడ మనము కొంతసేపు నిలువవలెను.

జార్జియా రాష్ట్రపు కొండలలోను ఆ చుట్టుపట్లను చెరోకీ అను జనము నివసించుచుండెను. వారు అడవి మనుష్యులని తలంచవద్దు. వారిలో సెక్వోయా అను నతడు 1821 నాటికి తన భాషకు స్వయముగా లిపి కల్పించెను. 1828లో ఆ లిపిలో వార్తాపత్రిక అచ్చుపడుచుండెను. వారికి న్యాయస్థానములు, పొలములు, గుడులు ఉండెను. (వారిలో ధనవంతులు కొందరు ఆఫ్రికా బానిసలను పెట్టుకొని యుండిరి, దానినికూడ దాచకూడదు.) వారి మధ్య శామ్యూల్ వూస్టరు అను మిషనెరీ సువార్తను వారి భాషలోనికి తర్జుమా చేయుచుండెను. అంతలో ఆ కొండలలో బంగారము కనబడెను. తెల్లవారు ఎవరైనను చెరోకీల నేలలో నివసింపగోరినచో రాష్ట్రమునకు ప్రమాణము చేసి అనుమతి పొందవలెనని జార్జియా ప్రభుత్వము చట్టము చేసెను. ఆ ప్రమాణము చేయుట అనగా చెరోకీల నేల రాష్ట్రమునకు చెందినదని ఒప్పుకొనుటయే. వూస్టరు చేయలేదు. 1831లో అతనికిని, బట్లరు అను మరియొక మిషనెరీకిని, ఇంకను తొమ్మండుగురికిని నాలుగేండ్ల కఠిన శిక్ష విధించిరి. క్షమాపణ ఇచ్చెదమనగా తొమ్మండుగురు పుచ్చుకొని వెళ్లిరి. ఆ ఇద్దరు పుచ్చుకొనలేదు. వారి వ్యాజ్యెము దేశపు అత్యున్నత న్యాయస్థానమునకు వెళ్లెను. 1832 మార్చిలో తీర్పు వారి పక్షముననే వచ్చెను. రాష్ట్రము ఆ తీర్పును లెక్కచేయలేదు. అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సను దానిని నెరవేర్చుటకు పూనుకొనలేదు. 1833 జనవరిలో గాని వారు చెరనుండి విడుదల కాలేదు.

ఆ తరువాత చెరోకీలలో కొద్దిమంది చేత 1835లో ఒడంబడికమీద సంతకములు పెట్టించి, 1838లో సైనికులు తుపాకులతో వచ్చి ఇండ్లనుండి జనమును వెళ్లగొట్టిరి. సుమారు 16,000 మంది పడమటికి నడిచిరి. శీతకాలములో, దారిలోను శిబిరములలోను దాదాపు 4,000 మంది చనిపోయిరి. ఆ గుంపులలో ఒకదానిని నడిపించినవాడు జెస్సీ బుషీహెడ్. చెరోకీ వాడు, బాప్తిస్టు పాదిరి. ఆలోచించుడి. వెళ్లగొట్టిన ప్రభుత్వములోని వారును ఆదివారము బైబిలు విప్పుచుండిరి, వెళ్లగొట్టబడినవారును బైబిలు పట్టుకొని నడచుచుండిరి. వారిలో ఎవరి దేశము క్రైస్తవ దేశము?

అహాబునకు ద్రాక్షతోట లేక కాదు. యెజ్రెయేలులో రాజనగరు అతనిదే. నాబోతు తోట ప్రక్కనున్నది గనుక కూరతోటకు అనుకూలమని కోరెను. తన పితరుల స్వాస్థ్యమును ఇయ్యనని నాబోతు చెప్పినప్పుడు, రాజ్యము ఏలువాడవు నీవు కావా అని యెజెబెలు అడుగుట చూచుచున్నాము. ఆ కథలో నాకు భయము పుట్టించునది రాళ్లు కాదు. ఉపవాస దినము చాటించుట. పట్టణపు పెద్దలకు పత్రికలు వ్రాయుట, రాజముద్ర వేయుట, ఇద్దరు సాక్షులను నిలువబెట్టుట. అంతయు చట్టప్రకారముగా, భక్తి చొప్పున జరిగినది. చెరోకీల సంగతియు అట్లే.

భూమి తరువాత కూలి. 1619లో ఆఫ్రికానుండి కొనితేబడినవారు వర్జీనియాలో ఓడ దిగినది మొదలు 1865 వరకు, రెండువందల ఏబది సంవత్సరములకు దగ్గరగా, ఆ దేశములో జీతములేని పని జరిగెను. 1860 నాటి జనాభా లెక్కలో బానిసలు 39 లక్షలకు పైగా నుండిరి. వారు పండించిన ప్రత్తి ఆ సంవత్సరములలో ఆ దేశపు ఎగుమతుల విలువలో సగమునకు మించెను. ఉత్తరాది బ్యాంకులును, ఓడలును, మిల్లులును ఆ ప్రత్తిమీదనే పెరిగెను. బానిసలు లేని రాష్ట్రములవారు కూడ చేతులు కడుగుకొనుటకు వీలులేదు. యాకోబు పత్రిక 5వ అధ్యాయములో పొలము కోసినవారి బిగబట్టిన కూలి మొరపెట్టుచున్నదనియు, ఆ కేక సైన్యములకధిపతియగు ప్రభువు చెవిని చేరెననియు వ్రాయబడియున్నది.

ఈ విషయములో మన మిషనుల చరిత్రకు తగులు సంగతి ఒకటి గలదు. 1840 తరువాతి సంవత్సరములలో అమెరికా బాప్తిస్టులలో ఒక ప్రశ్న లేచెను: బానిసలుగల మనుష్యుని మిషనెరీగా పంపవచ్చునా? బోస్టనులోని మిషను సంఘము పంపజాలమని చెప్పగా, 1845లో దక్షిణపు సంఘములు విడిపోయెను. నెల్లూరు మిషను ఉత్తరపువారి క్రిందనే నిలిచెను. అది అప్పుడు మిక్కిలి బలహీనమైన మిషను. దానిని మూసివేయుటను గూర్చి 1853లో ఆల్బనీ పట్టణమందు మరల చర్చ జరిగెను. అప్పుడు దానిని ఒంటరి నక్షత్రమని పిలిచి, దాని పక్షమున ఒక రాత్రిలో పద్యము వ్రాసినవాడు ఎస్. ఎఫ్. స్మిత్. అమెరికా వారు తమ దేశమును గూర్చి పాడుకొను ప్రసిద్ధ గీతమును వ్రాసినవాడును అతడే. ఇరువది అయిదేండ్ల తరువాత, 1878 జూలై 3న, వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. క్లౌ దొరగారు ఆ ముందటి కరవులో బకింగుహాము కాలువ పని కొంత కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న మాదిగలకు పని చూపి కూలి ఇచ్చెను. కూలి ఇచ్చెను అను మాటను గమనింపుడి. ఇదంతయు జరుగునాటికి అమెరికా అగ్రరాజ్యము కాదు. మనకు మేలుచేసినది దాని ఫిరంగులును కాదు, దాని డాలరు బలమును కాదు. నెలనెలా నాణెములు కూడబెట్టిన స్త్రీల సమాజములు మనకు మేలుచేసెను.

బానిసత్వపు లెక్క చివరకు తీర్చవలసి వచ్చెను. 1861నుండి 1865వరకు జరిగిన అంతర్యుద్ధములో ఆరు లక్షలమందికి పైగా చచ్చిరి. (ఆ యుద్ధమువలన అమెరికా ప్రత్తి ఆగిపోగా మన దేశపు ప్రత్తికి ధర లేచి, యుద్ధము ముగియగానే కూలినది.) ఆ యుద్ధము ముగియవచ్చినప్పుడు, 1865 మార్చి 4న, అధ్యక్షుడైన అబ్రాహాము లింకను చేసిన ప్రసంగము చిన్నది. ఇరుపక్షములును ఒకే బైబిలు చదువుచు ఒకే దేవునికి ప్రార్థించుచున్నవనియు, బానిసల కూలిలేని కష్టముచేత కూడిన ధనమంతయు ఈ యుద్ధములో కరిగిపోవలెనని దేవుడు కోరినను ఆయన తీర్పు న్యాయమైనదే యనియు అతడు చెప్పెను. జయించుచున్న రాజ్యపు అధిపతి తన జయదినమున తన దేశపు పాపమును పేరుపెట్టి చెప్పుట నేను చదివిన చరిత్రలో అరుదు. నలువది దినములు గడచిన కొద్దికాలములోనే అతడు కాల్చబడెను. విడుదలైన వారికి దక్షిణ రాష్ట్రములలో ఓటు నిశ్చయముగా దొరకుటకు 1965 వరకు, ఇంకను నూరేండ్లు పట్టెను. ఆ హక్కు కొరకు నడిచిన బాప్తిస్టు పాదిరి మార్టిన్ లూథర్ కింగు 1959లో మన దేశమునకు వచ్చి, తిరువనంతపురములో అంటరానివారి పిల్లలు చదువు బడికి వెళ్లెను. అమెరికానుండి వచ్చిన అంటరానివాడని అక్కడి ప్రధానోపాధ్యాయుడు ఆయనను పరిచయము చేసెను. ఆయనకు మొదట నొచ్చెను. పిమ్మట ఆలోచించుకొని, అది నిజమే అనుకొనెను.

ఇంతవరకు చదివి, దొంగతనమువలననే దేశములు గొప్పవగునని ఎవరైనను తీర్మానించుకొన్నచో అదియు పొరబాటే. దోచినవారందరును హెచ్చలేదు. మెక్సికో, పెరూ దేశములనుండి ఓడల కొద్ది వెండిబంగారములు తెచ్చుకొనిన స్పెయిను రాజులు 1557, 1575, 1596 సంవత్సరములలో అప్పులు చెల్లింపలేమని చేతులెత్తిరి. అమెరికాలో దోపిడి ప్రక్కనే మరియొక పని నడిచినది. దానిని మనము నేర్చుకొనవలసియున్నది.

1647లోనే మసాచుసెట్సు కాలనీలో ఏబది ఇండ్లున్న ప్రతి ఊరు పిల్లలకు చదువును వ్రాతను నేర్పు ఉపాధ్యాయుని పెట్టవలెనని చట్టము చేసిరి. జనులు లేఖనములను తామే చదువుకొనకుండ సాతాను అడ్డుపడునని, దానికి విరుగుడు బడియని వారి తలంపు. ఏబది ఇండ్లు! మన మాలపల్లెలు, మాదిగపల్లెలు ఎన్నో అంతకంటె పెద్దవి. తాటాకు పాకలో ఉపదేశి పెట్టిన మన మొదటి బడియు ఆ తలంపునకు పుట్టిన బిడ్డయే. 1825లో ఈరీ కాలువను 363 మైళ్లు త్రవ్వి పెద్ద సరస్సులను న్యూయార్కు రేవునకు కలుపగా, టన్ను సరుకుకు సుమారు 100 డాలర్లుగా నున్న బాడుగ 10 డాలర్ల లోపునకు పడిపోయెను. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసిన తరువాత మన డెల్టాలో జరిగినది ఎరిగినవారికి కాలువ చేయు పని వేరుగా చెప్పనక్కరలేదు. 1862లో, అంతర్యుద్ధము మధ్యనే, లింకను ప్రభుత్వము వ్యవసాయమును, యంత్రవిద్యను నేర్పు కళాశాలలకు రాష్ట్రములకు భూములిచ్చెను. ఆ భూములలో చాలవరకు తెగల యొద్దనుండి పుచ్చుకొన్నవే. మంచిచెడ్డలు ఆ దేశములో ఒకే చాళ్లలో మొలిచెను. అట్టి కళాశాలలలో ఒకటి కాన్సాసులోనిది. 1964లో హైదరాబాదు రాజేంద్రనగరములో మన వ్యవసాయ విశ్వవిద్యాలయము పుట్టినప్పుడు దానికి తోడ్పడినది ఆ కాన్సాసు వారే.

పరదేశులను చేర్చుకొనుట మరియొక సంగతి. 1892నుండి 1954వరకు న్యూయార్కు రేవులోని ఎల్లిసు ద్వీపము గుండ 1 కోటి 20 లక్షలమంది ఆ దేశములోనికి వచ్చిరి. వారు చాలవరకు యూరపు బీదలు. మనవంటివారికి తలుపు చాలకాలము మూసియే యుండెను. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో బోస్టను చేరిరి. అదే సంవత్సరము, హిందూదేశస్థులు పౌరులు కాజాలరని అక్కడి అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను; ఆ అడ్డు 1946లో గాని తొలగలేదు. అయినను ఆయన పనిచేసిన ప్రయోగశాలలనుండి ఎన్ని మందులు వచ్చెను! బోదకాలు రాకుండ నేటికిని మన ఊళ్లలో ప్రభుత్వమువారు పంచు మాత్ర అక్కడ పుట్టినదే. పౌరుడు కానివాని చేతితో దేవుడు రెండు దేశములకు మేలుచేసెను. పరదేశిని పీడింపవద్దని ధర్మశాస్త్రము అన్నిసార్లు చెప్పుటకు కారణము అతనిమీద జాలి మాత్రమే కాదేమో.

తక్కినది త్వరగా చెప్పెదను. 1900 నాటికి అమెరికా చేయు ఉక్కు బ్రిటను చేయుదానికి రెట్టింపు. రెండు ప్రపంచ యుద్ధములును ఇతరుల నేలమీద జరిగెను. రెండవ దానిలో అమెరికనులు సుమారు 4 లక్షలమంది చనిపోగా, సోవియట్ యూనియన్ 2 కోట్ల 70 లక్షల ప్రాణములు పోగొట్టుకొనెను. 1945లో తక్కిన కర్మాగారములన్నియు బూడిదయై యుండగా లోకములోని యంత్రోత్పత్తిలో దాదాపు సగము అమెరికాదే. అనగా అది లేచినది కొంత తన కాళ్లమీద, కొంత ఇతరులు పడిపోవుటవలన. ఆ బలముతో ఏమి చేసెను? ఆగస్టు నెలలో హిరోషిమా, నాగసాకి పట్టణములమీద అణుబాంబులు వేసెను. 1948నుండి 1952వరకు పాడైపోయిన యూరపును లేపుటకు సుమారు 1,300 కోట్ల డాలర్లు ఇచ్చెను. ఓడిపోయిన జర్మనీకికూడ ఇచ్చెను. రెండును ఒకే చేయి చేసిన పనులు.

మనకు గోధుమలు పంపెను. 1954 నాటి చట్టముచొప్పున వచ్చిన ఆ గోధుమలును, గుడులలో పంచిన పాలపొడియు, బడిలో పెట్టిన ఉప్మాయు పెద్దవారికి జ్ఞాపకముండును. ఎందరో బిడ్డలు దానివలన బ్రదికిరి. అయితే 1965, 1966 కరవులో, వియత్నాము యుద్ధమును గూర్చి మన ప్రభుత్వము పలికిన మాటలు నచ్చక, వ్యవసాయములో మన ప్రభుత్వము తమ మాట వినవలెనని, అధ్యక్షుడు జాన్సను ఓడలను ఒకేసారి పంపక నెల నెలకు కొంచెము కొంచెముగా విడిచెను. ఆకలిగొన్నవాని నోటియొద్ద ముద్దను పట్టుకొని మాట తీసికొనుట ఎట్టిదో జీతగాండ్రుగా బ్రదికిన మన తాతలకు తెలియును. దొర దగ్గర గింజలు అప్పు తెచ్చుకొన్నవాడు దొరకు ఎదురు చెప్పజాలడు.

ఇప్పుడు లేఖనమునకు వచ్చెదము. ఇశ్రాయేలీయులు ఐగుప్తునుండి విడిపింపబడుటను తమ గొప్పకు గురుతుగా చెప్పుకొనుచుండగా, ఆమోసు ప్రవక్తద్వారా దేవుడు వారికి వింతయైన మాట చెప్పెను. మిమ్మును ఐగుప్తునుండి రప్పించినట్లే ఫిలిష్తీయులను కఫ్తోరునుండి, సిరియనులను కీరునుండి రప్పించినవాడను నేనే గదా అనెను. అనగా శత్రువుల ప్రయాణమునకును ఆయనే నాయకుడు! జనములను లేపుట దేవుని పనియే. అయితే అది బహుమానము కాదు. యెషయా 10వ అధ్యాయములో అష్షూరు ఆయన చేతి దుడ్డుకర్ర. అది తన్ను తాను ఎత్తుకొన్నట్టు అతిశయించుటచేత శిక్షింపబడెను. కనాను ఇచ్చునప్పుడుకూడ, మీ నీతినిబట్టి ఇచ్చుటలేదని ద్వితీయోపదేశకాండము 9వ అధ్యాయములో ముమ్మారు చెప్పవలసివచ్చెను.

అయితే నీతి జనమును హెచ్చించునని సామెతలు 14:34లో లేదా అని మీరడుగుదురు. ఉన్నది. నా మట్టుకు నేను గ్రహించినదేమనగా, అక్కడ హెచ్చుట అనగా ఇతరుల తలమీద కూర్చుండుట కాదు. కాలువనీరు చివరి చేనువరకు అందిన ఊరు హెచ్చిన ఊరు. మొదటి చేలవారు గండి కొట్టుకొని కోతకోసినచో పంట పెరిగినను ఊరు హెచ్చలేదు. లోకరాజ్యములన్నిటిని వాటి మహిమతోకూడ కొండమీదనుండి చూపినవాడు ఎవడో మత్తయి 4వ అధ్యాయములో చదువుచున్నాము. మన ప్రభువు దానిని పుచ్చుకొనలేదు.

ఇది దూరదేశపు కథగా విడువదగినది కాదు. జనసంఖ్యలో మన దేశము 2023లో చైనాను దాటెను. అదే సంవత్సరము ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువము చేరువను మన నౌక దిగినప్పుడు, అది మన శ్రీహరికోటనుండి లేచినదని మనమును సంతోషించితిమి. సంతోషింపవలసినదే. అయితే ఆ దీవిలో తరతరములుగా బ్రదికిన యానాదులు రాకెట్టు కేంద్రము కొరకు లేపబడి వేరుచోట్లకు పంపబడిరని ఎందరికి తెలియును? 1981లో శ్రీశైలము నీటిక్రింద మునిగిన ఊళ్లవారు ఏమైరి? పోలవరము ముంపులో కోయలును కొండరెడ్లును విడిచిపోవుచున్న ఊళ్లకు ఎవరు సరియైన వెల కట్టుదురు? ఆనకట్టలు వద్దని నేననను. వాటి నీరు త్రాగియే బ్రదుకుచున్నాము. నాబోతునకు అహాబు మంచి వెల ఇచ్చెదనని మొదటనే చెప్పెను. ఇయ్యనని చెప్పువాని మాటకు విలువ ఉన్నదా లేదా అనునదే ఆ అధ్యాయపు ప్రశ్న.

వెట్టిచాకిరి 1976 చట్టముతో రద్దాయెను. అయినను ఇటుకబట్టీలలో ముందుగా పుచ్చుకొన్న అప్పుకు కుటుంబములతో పోయి పనిచేయువారు మన సంఘములలోను ఉన్నారు. వారిని పనికి కుదుర్చు మేస్త్రీలును కొన్నిచోట్ల మన సంఘములవారే. సంఘపెద్దలు ఈ సంగతి దేశ ప్రభుత్వమునకు విడిచిపెట్టక, ఆ మేస్త్రీని ఇంటికి పిలిచి, బల్లలో పాలుపొందకముందే లెక్క అడుగవచ్చును. బోస్టనువారు ఆనాడు చేసినది అంతకంటె కష్టమైన పని.

అమెరికాకు పోవు మన పిల్లల వీసా కొరకు ప్రార్థించుమని నన్ను అడుగువారు పెరుగుచున్నారు. నేను ప్రార్థించుచున్నాను. బబులోనుకు పోయినవారు ఆ పట్టణపు క్షేమము కొరకు ప్రార్థింపవలెనని యిర్మీయా 29వ అధ్యాయములో వ్రాసి పంపెను గదా. అయితే దేశము కొరకు ప్రార్థన చేయు ఆదివారమున, అధికారుల పేర్లు ఎత్తిన పిమ్మట, మీ మండలములో ఏ నేలనుండి ఎవరు లేపబడిరో ఆ ఊళ్ల పేర్లుకూడ ఎత్తుడి. పేర్లు తెలియనిచో ముందు వెళ్లి కనుగొనుడి. స్త్రీల సమాజము ఈ పని బాగుగా చేయగలదు.